వైకింగులూ, మా అత్తయ్య నిద్రా

ఎక్కడో ఉత్తరాన చలిదేశాల్లో ఓడలేసుకుని తిరిగిన వైకింగులు కాలాన్ని రాత్రులతో లెక్కపెట్టేవారట. మనం మూడు రోజుల ప్రయాణం అనే చోట వాళ్ళు మూడు రాత్రుల ప్రయాణం అనేవారు. మనిషి వయసు చెప్పాలంటే ఎన్ని చలికాలాలు గడిపాడో చెప్పేవారు. వాళ్ళ వందకు ఆరు ఇరవైలు. అది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, కొల్లూరు లంకల్లో కాయలు కొంటే వందకు కొసరు వేయకుండా ఏ రైతు వదిలాడు గనక!

ఈ సంగతులు నేను బాపట్లలో బి.ఏ. చదివేటప్పుడు కాలేజీ లైబ్రరీలో, అట్టలూడిన ఒక ఇంగ్లీషు పుస్తకంలో చదివాను. రాత్రుల లెక్క దగ్గరికి వచ్చేసరికి నవ్వు ఆగిపోయింది. రేపల్లెలో ఉన్న మా మేనత్త గుర్తొచ్చింది. ఆ పుస్తకం నాలుగేళ్ళు ముందు దొరికి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మా నాన్న తెనాలిలో గడియారాలు బాగుచేసేవాడు. ముందుగది షాపు, వెనక గదుల్లో మేము. కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చున్నాడంటే పిడుగు పడ్డా తల ఎత్తడు. ఆయనకు కాలమంటే గంటలు, నిమిషాలు. భోజనానికి పిలిస్తే ‘ఐదు నిమిషాలు’ అనేవాడు, సరిగ్గా ఐదు నిమిషాలకే వచ్చేవాడు. అటువంటి మనిషిని చంకనేసుకుని పెంచిన అక్క మాత్రం ఆయన ప్రేమగా ఇచ్చిన గోడగడియారానికి ఏనాడూ కీ ఇవ్వలేదు. ఎవరైనా ఊరెళ్ళి వస్తే అత్తయ్య అడిగేది ఒకటే: “ఎన్ని నిద్రలు చేశావు?” పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్ళను ఆవిడ చుట్టాల్లో జమకట్టేది కాదు. “వచ్చాడంటావేంటి, కనపడి పోయాడు,” అనేది.

నేను హైస్కూల్లో ఉండగా మామయ్య పోయాడు. మావాళ్ళలో ఒక ఆచారం ఉంది. భర్త పోయిన ఆడమనిషిని కర్మకాండలు అయ్యాక ముందుగా పుట్టింటివాళ్ళు తీసుకెళ్ళి ఒక రాత్రి తమ ఇంట్లో నిద్ర చేయించాలి. ఆ తర్వాతే ఆమె ఇంకెవరింట్లోనైనా రాత్రి ఉండవచ్చు. ఎవరు పెట్టారో ఈ కట్టుబాటు, వాళ్ళను పట్టుకుని నాలుగు దులపాలనిపిస్తుంది. కానీ అత్తయ్యకు అది రాతిమీద గీత.

నాన్న వెళ్ళి పొద్దుటి రైల్లో అత్తయ్యను తీసుకొచ్చాడు. అమ్మ గారెలు వండింది. అత్తయ్య తను పుట్టిన గదిలో చాప వేసుకుని, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చాలాసేపు ఏడ్చింది, కాస్త తేలికపడింది. మధ్యాహ్నం రేడియోలో వాయుగుండం అన్నారు. కోస్తా అంతా ఈదురుగాలులట. నాన్న గడియారం చూశాడు, ఆకాశం చూశాడు.

“అక్కా, రేపు రైళ్ళుంటాయో ఉండవో. అక్కడ ఇల్లు తాళమేసుంది. సాయంత్రం బండికి దిగబెట్టొస్తా, పద.”

అమ్మ వంటింటి గుమ్మంలోంచి కళ్ళతో సైగ చేసింది. నాన్న చూడలేదు. అత్తయ్య చాప చుట్టి గోడకు నిలబెట్టింది. “నీ ఇష్టం రా తమ్ముడూ,” అంది. ఉండమంటాడేమోనని గుమ్మం దగ్గర చెప్పులేసుకోవడానికి ఎంతసేపు పట్టిందో నేను చూశాను. వాయుగుండం ఒరిస్సా వైపు తిరిగిపోయింది. మాకు చినుకు కూడా పడలేదు.

ఆ రాత్రి అమ్మ గొడవపెట్టుకుంది. “నిద్ర చేయించకుండా పంపేస్తారా ఎవరైనా?”

“పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం దాకా ఉంది కదే! పడుకుంటే మాత్రం ఇంకేం మాట్లాడుకుంటాం?” అన్నాడు నాన్న. ఆయన లెక్కలో అక్క పుట్టింటికి వచ్చింది, వెళ్ళింది, పని అయిపోయింది. అత్తయ్య లెక్కలో ఆవిడ అసలు రాలేదు. మళ్ళీ తీసుకురమ్మని అమ్మ రెండు మూడుసార్లు పోరింది. తప్పు చేశావని పెళ్ళాం అన్నాక ఏ మగవాడు వెంటనే దిద్దుకున్నాడు! అత్తయ్యా నోరు విప్పలేదు. అడిగి చేయించుకునేది నిద్ర ఎలా అవుతుందని ఆవిడ పంతం. అక్కాతమ్ముళ్ళిద్దరిదీ ఒకే రక్తం మరి.

డిగ్రీకి నేను బాపట్లలో వదిన ఇంట్లో ఉండి చదువుకున్నాను. వదిన అంటే అత్తయ్య ఒక్కగానొక్క కూతురు. ఆమెకు అప్పటికి నడక నేర్చిన కూతురుంది. అత్తయ్య నెలకోసారి రేపల్లె నుంచి బస్సులో వచ్చేది. మనవరాలికి నూనె రాసి నీళ్ళు పోసి, అన్నం తినిపించి, జడలేసి, పొద్దు వాలగానే లేచేది. పిల్ల కాళ్ళకు చుట్టుకునేది మొదట్లో. తర్వాత్తర్వాత అలవాటుపడింది.

ఒకసారి వదినకు కడుపులో పుండై ఆపరేషన్ అయింది. ఆసుపత్రి ఎవరి ఇల్లూ కాదు కాబట్టి అత్తయ్య అక్కడ మంచం కిందే పడుకుని కూతురికి చేసింది. ఇంటికి పంపిన రోజున వదినను రిక్షాలోంచి దింపి, మంచం మీద పడుకోబెట్టి, చారన్నం పెట్టి, సాయంత్రం సంచి తీసింది. వదిన కుట్లు పట్టుకుని లేచి కూర్చుంది.

“ఒక్క రాత్రి ఉంటే ఏమవుద్దమ్మా? నేను మంచినీళ్ళకి లేవలేను!”

“నీ మరదలుంది కదే, చూసుకుంటది.” ఆ మరదల్ని నేనే.

బస్టాండు దాకా నేను దిగబెట్టడానికి వెళ్ళాను. కోపం ఆపుకోలేక అడిగేశాను, “నీకంత పట్టుదల ఏంటత్తయ్యా, ఆచారమే ముఖ్యమా?” అని.

“ఆచారం గంగలో కలవనీ. నేను పుట్టింటి నిద్ర కాకుండా కూతురింట్లో పడుకున్నాననుకో, పదిమందీ ఏమంటారు? దీనికి పుట్టిల్లు లేదా, తమ్ముడు చచ్చాడా అంటారు. వాణ్ణి ఆ మాట అననిస్తానా నేను?”

బస్సు కదిలిపోయింది. తనను వెనక్కి పంపేసిన తమ్ముడికి మాట రాకూడదని ఈ మనిషి సొంత కూతురి పక్కన పడుకోకుండా ఇన్నేళ్ళూ బస్సులెక్కుతోంది. నాకు అక్కడే ఏడుపొచ్చింది. అత్తయ్య మీద జాలో, నాన్న మీద మంటో చెప్పలేను.

ఆ పుస్తకం దొరికింది ఆ తర్వాతే. సెలవులకు తెనాలి వెళ్ళినప్పుడు నాన్న పక్కన స్టూలేసుకుని వైకింగుల కథ మొదలుపెట్టాను. రాత్రుల లెక్క చెబితే, “మీ అత్త ఆ జాతిదే అయ్యుంటది,” అని భూతద్దం తీయకుండానే నవ్వాడు. అప్పుడు చెప్పాను: ఆ జాతివాళ్ళు ఒక దీవిలో కాపురం పెట్టి, ఏడాదికి ఇన్ని వారాలని లెక్క కట్టుకున్నారట. కొన్నేళ్ళు గడిచేసరికి లెక్కలో వేసవి వచ్చేస్తోంది, బయట ఇంకా చలే. లెక్క తప్పిందని తెలుసుకుని, కొన్నేళ్ళకోసారి వేసవికి ఒక వారం కలుపుకున్నారట.

నాన్న తల ఎత్తాడు. “కలిపేశారా? తప్పిందని ఒప్పుకుని?”

“ఆ. కలిపేశారు.”

ఇక ఆగలేదు నేను. బస్టాండులో అత్తయ్య అన్న మాటలు అన్నట్టే చెప్పాను. నాన్న భూతద్దం తీసి బల్లమీద పెట్టాడు. చేతిలోని వాచీ విప్పింది విప్పినట్టే వదిలేసి, పట్టపగలు షాపు తలుపులు వేయడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు అత్తయ్య మా ఇంట్లో ఉంది. ఏమని పిలిచాడో, ఏమందో నాకు తెలియదు. ఇద్దరూ చెప్పలేదు. అత్తయ్య తన గదిలో నా పక్కన చాప మీద పడుకుని, తెల్లగా తెల్లవారి పొద్దెక్కేదాకా గుర్రుపెట్టి నిద్రపోయింది. నాన్న ముందుగదిలో గంటలు కొట్టే గడియారాలన్నీ ఆపేశాడు. లేచాక అత్తయ్య అన్న మొదటి మాట, “బాపట్ల బస్సెన్నింటికి?” ఆవిడ టైం అడగడం విని అమ్మ పక్కున నవ్వింది. ఆ రోజు మా ఇంట్లో పండగలాగే ఉంది.

నేనూ వెంట వెళ్ళాను. రాత్రికి ఉంటానంటే వదిన నమ్మలేక తల్లిని వాటేసుకుంది. అప్పటికి మనవరాలు బడికి వెళ్తోంది. బడినుంచి వచ్చి అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని కబుర్లన్నీ చెప్పింది. దీపాలు పెట్టే వేళ అయింది. వదిన లోపల మంచం మీద ఉతికిన దుప్పటి పరుస్తోంది. పిల్ల లేచి, ఎవరూ చెప్పకుండానే, అమ్మమ్మ సంచీ చెప్పులూ తెచ్చి గుమ్మం దగ్గర పెట్టింది.

“అమ్మమ్మా, బస్సు వెళ్ళిపోద్ది.”

“ఇవాళ వెళ్ళనే తల్లీ. ఇక్కడే పడుకుంటా.”

పిల్ల కాసేపు అమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆ తర్వాత లోపలికి తిరిగి గట్టిగా అడిగింది:

“అమ్మా, అమ్మమ్మ మనింట్లో పడుకోవచ్చా?”