ఇద్దరు మోయగల బెంచీ

మంగళవారం పొద్దున గుడివాడ నుంచి ఫోన్ వచ్చింది, మా మేనత్త పోయిందని. వినగానే ఏడుపు రాలేదు. ఇప్పటికైనా ఆవిడకు విశ్రాంతి దొరికిందనిపించింది. నాకు గుర్తున్నన్నాళ్ళూ అత్తయ్య అలిసిపోయే ఉండేది.

ముదినేపల్లి రోడ్డు పక్కన మావయ్యకు సిమెంటు సామాన్ల యార్డు ఉండేది. తోటల్లో వేసుకునే బెంచీలు, పూలకుండీలు, గేటు స్తంభాల మీద పెట్టే సింహాలు పోసేవాడు. ఒకసారి బెంచీని లారీకెక్కిస్తుంటే పట్టు జారి, ఆ బరువంతా ఆయన మీద పడింది. నడుం విరిగింది. ఆ తరవాత ఆయన మంచం దిగలేదు. యార్డు అత్తయ్య చేతికొచ్చింది.

ఆవిడకు ఒకటే పట్టుదల, బరువు తగ్గాలి. “కూర్చునేవాళ్ళకేముందే, మోసేవాళ్ళ సంగతి చూడద్దూ?” అనేది. మిల్లు నుంచి ఊక తెప్పించి సిమెంటులో కలిపింది. అది ఆరాక చేత్తో నలిపితే పొడి రాలింది. లోపల డొల్లగా ఉండేట్టు పోసింది. ఏది పోసినా ముందు తనే కూర్చుని చూసేది. ఓ మధ్యాహ్నం నా కళ్ళముందే ఆ డొల్ల బెంచీ రెండు ముక్కలై ఆవిడ నేలమీద పడింది. పరిగెత్తి చెయ్యి అందించాను.

“ఉండవే, కాసేపు ఇలాగే ఉంటాను. లేచే ఓపిక లేదు,” అంది.

ఆ ముక్కల మధ్యే వెల్లకిలా పడుకుంది. నేనూ పక్కన కూర్చున్నాను.

చివరికి కోళ్ళ గూళ్ళకు కొట్టే సన్నటి ఇనప జాలీ పనికొచ్చింది. దాన్ని బెంచీ ఆకారంలో వంచి, జల్లించిన ఇసక, సిమెంటు, తరిగిన కొబ్బరి పీచు కలిపి పల్చగా మెత్తింది. తడి గోనెలు కప్పి, వంట మధ్యలో కూడా లేచొచ్చి నీళ్ళు చల్లేది. “తొందరపడితే పగుళ్ళేనే,” అనేది. ఆ బెంచీ మీద కూలీలంతా ఎక్కి కూర్చున్నా చెక్కుచెదరలేదు.

దాన్ని మావయ్య మంచం దగ్గరికి తెప్పించింది. “ఏవండీ, ఓ కొస ఎత్తి చూడండి.”

ఆయన పడుకునే ఒంటిచేత్తో ఎత్తాడు. “ఇంతేనా బరువు?” అన్నాడు. కొస కింద పెట్టి, “ముందే తట్టుంటే బావుండేది,” అని గోడవైపు తిరిగాడు.

“అవునండీ,” అంది అత్తయ్య.

పెరట్లోకి వెళ్ళి, కడిగిన చేతులే మళ్ళీ మళ్ళీ కడుక్కుంటూ కూర్చుంది.

మావయ్య పోయాక కూడా పని మానలేదు. దివిసీమ చివర ఎదురుమొండిలో చేపలమ్మే ఆడవాళ్ళు, రేవులో కూర్చోడానికి ఓ బెంచీ కావాలన్నారు. పడవలో తప్ప వెళ్ళలేని లంక అది. అత్తయ్యతో నేనూ వెళ్ళాను. దింపడానికి మగవాళ్ళెవరైనా వస్తారేమోనని చూస్తుంటే, “ఎందుకండీ, మేం లేమా?” అంటూ ఇద్దరాడవాళ్ళు బెంచీని తలల మీదికెత్తుకున్నారు.

“జాగ్రత్తమ్మా, మెల్లిగా!” అని అత్తయ్య కంగారుగా అరిచింది.

వాళ్ళు వినిపించుకోలేదు. ఆ పూట రొయ్య పడిందో లేదో మాట్లాడుకుంటూ, నవ్వుకుంటూ, బురద గట్టెక్కి వెళ్ళిపోతున్నారు. అత్తయ్య పడవ అంచు పట్టుకుని, వాళ్ళు మడచెట్ల చాటుకి వెళ్ళేదాకా అలాగే నిలబడి చూసింది.