టేపమ్మ కప్పుకున్న బొంత

ఆ రోజుల్లో నాకు లెక్కల టీచరంటే కొంచెం భయం, బాపు అంటే ఇంకొంచెం భయం, మా బొంత అంటే మాత్రం ఒళ్ళంతా భయం. బొంతను చూసి భయపడేవాళ్ళు ఎక్కడైనా ఉంటారా అని మీరు నవ్వుకుంటారని తెలుసు. (ఇప్పుడు నేనూ నవ్వుకుంటాను, తప్పేం లేదు.) కానీ మీ ఇంట్లో బొంత వేరు, మా ఇంట్లో బొంత వేరు. బోధన్‌లో మా వాడకట్టు ఆడవాళ్ళ జాకెట్లన్నీ ముక్కలు ముక్కలుగా దాని మీద ఉండేవి. ఆ సంగతి ఆ ఆడవాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

మా అమ్మ జాకెట్లు కుట్టేది. బాపు చెరుకు లారీ మీద డ్రైవరు. సీజన్లో లారీ నడిచేది, మిగతా ఏడాదంతా ఇంటిని నడిపింది అమ్మ కుట్టు మిషనే. అమ్మ ఒక్క పేలిక పారేసినట్టు నాకు గుర్తులేదు. మిషను పక్కన మూడు యూరియా సంచులుండేవి. అరచేతికన్నా పెద్ద ముక్కలు ఒకదాంట్లో, చిన్నవి ఇంకోదాంట్లో, ఎందుకూ పనికిరాని తుక్కు మూడోదాంట్లో. పెద్దవి బొంతకు, చిన్నవి మసిబట్టలకు, తుక్కు దిండ్లలోకి. బడి నుంచి రాగానే వాటిని ఏరడం నా పని. పట్టు ముక్కను నూలు ముక్కల్లో కలిపానా, అమ్మ నా చెవి పట్టుకునేది. "పట్టు జారుతది, నూలు గట్టిగ పట్టుకుంటది. రెండిట్ని కలిపి కుడితె ఒకటి ఇంకోదాన్ని చింపుతది. ఎన్నిసార్లు చెప్పాలె పోరీ నీకు?" అనేది. అలా ఏరిన ముక్కలతో, లోపల పాత చీరలు పరిచి, అమ్మ ఏళ్ళ తరబడి కుట్టిన బొంత అది. పైవైపు రంగురంగుల గళ్ళు, అడుగువైపు ఒక వెలిసిన బూడిదరంగు చీర.

ఇందులో భయమేముందంటే, మా వెనక వీధిలో ఇంకో టైలరమ్మ ఉండేది. ఆమె తన బిడ్డకు మిగిలిన ముక్కలతో గౌను కుట్టింది. ఎవరో ఆ గౌనులో తమ పట్టుబట్ట గుర్తుపట్టారు. "ఇచ్చిన బట్టల గింత మిగిలిందా, మిగిల్చుకున్నదా?" అన్న ఒక్క మాట వీధంతా తిరిగింది. అంతే, బట్టలిచ్చేవాళ్ళు లేక ఆ మిషను మీద చివరికి గిన్నెలు బోర్లించుకున్నారు. నిజానికి చంక దగ్గర, మెడ దగ్గర కత్తిరించగా మిగిలే ముక్కల్ని ఎవరూ అడగరు. అడక్కపోవడం వేరు, కళ్ళముందు కనబడటం వేరు. మా ఇంట్లో అన్నం ఉడకాలంటే అమ్మకు ఆ పేరు రాకూడదు. అందుకే బొంత గడప దాటకూడదని అమ్మ ఆర్డరు. ఉతికినా వెనక గదిలో తాడు మీదే ఆరాలి. గేటు చప్పుడైతే చాలు, అడుగువైపు పైకి వచ్చేలా మడతపెట్టేయాలి. ఆ డ్యూటీ కూడా నాదే. కప్పుకుని పడుకుంటే కాళ్ళమీద టీచరమ్మ గులాబీ రంగు, పొట్టమీద కిరాణా అత్త ఆకుపచ్చ, గొంతు దగ్గర నర్సక్క పువ్వులు. అందరూ కలిసి నా మీద కూర్చున్నట్టే ఉండి నాకు ఊపిరాడేది కాదు.

వచ్చేవాళ్ళందరిలో మాకు ఎక్కువ దడ టేపమ్మ అంటే. ఆ పేరు నేను పెట్టిందే. రుద్రూర్ దారిలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల క్యాంపు ఒకటుంది, అక్కడి పెద్ద కుటుంబం ఆవిడది. బ్యాగులో సొంత టేపు పెట్టుకుని వచ్చేది. బట్ట ఇచ్చేముందు కొలిచేది, జాకెట్టు తీసుకునేటప్పుడు మళ్ళీ కొలిచేది, మిగిలిన ముక్కలు దారప్పోగుతో సహా కవర్లో వేయించుకుని పోయేది. "తప్పుగా అనుకోకమ్మాయ్, ఎవరి వస్తువు వాళ్ళ దగ్గరుంటే మంచిది," అనేది. అమ్మ తల ఊపేది. నేను వెనక గది తలుపుకు అడ్డంగా నిలబడేదాన్ని.

ఒక చలికాలం, చెరుకు కొట్టే రోజుల్లో, టేపమ్మ జాకెట్టు కోసం వచ్చి, కుర్చీలో కూర్చున్నదల్లా వణకడం మొదలుపెట్టింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. "చలేస్తోందమ్మా, ఏదన్నా కప్పు," అంది. అమ్మ నన్ను చూసింది, నేను అమ్మను చూశాను. పోయి దుప్పటి తెచ్చాను. చాలలేదు. తువ్వాల తెచ్చాను. బాపు స్వెట్టర్ తెచ్చాను. చివరికి బడి యూనిఫాం కోటు కూడా తెచ్చి ఆవిడ మోకాళ్ళమీద వేశాను. (అది నాకే పొట్టి.) ఆవిడ వణుకుతూనే వెనక గది వైపు చూపించి, "అదిగో, బొంతుంది కదే అక్కడ," అంది. అమ్మ నా వైపే చూస్తూ, "తీస్కరా బిడ్డా. జర సక్కగ కప్పు," అంది. సక్కగ అంటే ఏంటో నాకు తెలుసు. బూడిదరంగు పైకి పెట్టి, గడ్డం దాకా కప్పి, అంచులు కుర్చీ కింద దోపి, పక్కనే కాపలా నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడకు చెమట పట్టింది. ఒక్క విదిలింపుతో బొంత తీసేసింది. అది తిరగబడి, రంగులన్నీ ఒళ్ళో పరుచుకున్నాయి. నేను మిషను వెనక్కి జారిపోయాను. అమ్మ తలవంచుకుని మిషను తొక్కుతూనే ఉంది, సూదిలో దారం లేదు. టేపమ్మ కళ్ళజోడు పెట్టుకుని, వేలు ఒక్కొక్క గడి మీద ఆనిస్తూ పోయింది. "ఇది మా తోడికోడలి పట్టు. ఇది టీచరుగారిది. ఇది ఆసుపత్రి నర్సుది..." అయిపోయింది, ఇక మాకూ గిన్నెలు బోర్లించుకునే రోజు వచ్చిందనుకున్నాను. ఆవిడ బొంతంతా చూసి, మళ్ళీ మొదటి నుంచి చూసి, తలెత్తింది.

"నాదేదమ్మా?" అంది.

అమ్మ మిషను ఆపింది. "మీయి ఎప్పటికప్పుడు కవర్లేసి మీకే ఇచ్చిన గదమ్మా," అంది. టేపమ్మ జాకెట్టు కొలవకుండానే తీసుకుని ఆటో ఎక్కింది. ఆవిడ కొలవకపోయేసరికి మాకు తిట్టినదానికన్నా ఎక్కువ భయమేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఎవరూ రాలేదు. అమ్మ బ్లేడు తీసుకుని బొంత విప్పడానికి కూర్చుంది. ఒక కుట్టు తెంపి, దాని మీద చెయ్యి పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను చూసింది అదే మొదలు. ఒక మధ్యాహ్నం గేటు చప్పుడైతే కిటికీలోంచి చూశాను. టేపమ్మ ముందు, వెనకాల మా వాడకట్టు మొత్తం. తలుపు గడియ పెట్టి, "అమ్మ ఇంట్ల లేదు," అని అరిచాను. నా వెనక మిషను గడగడా నడుస్తూనే ఉంది.

చివరికి అమ్మే గడియ తీసింది. వాళ్ళు కొట్లాటకు రాలేదు, బొంత చూడటానికి వచ్చారు. టీచరమ్మ గులాబీ గడి మీద చెయ్యి పెట్టి, "ఇది నా లగ్గం జాకెట్. అది చినిగి ఎన్నడో పోయింది. ఈ ముక్క ఈడ బతికున్నది," అంది. కిరాణా అత్త తన ఆకుపచ్చ దొరికేదాకా కూర్చోలేదు. టేపమ్మ పెద్ద కవరు తీసి బోర్లించింది. ఇన్నేళ్ళూ పట్టుకుపోయిన ముక్కలన్నీ ఇస్త్రీ చేసి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. "ఏం చెయ్యాలో తెలీక దాచాను. మధ్యలో వెయ్యమ్మాయ్," అంది. అమ్మ మధ్యలో ఒక గడి విప్పి అందులో ఒక ముక్క పెట్టేసరికి, ఆవిడ టేపు తీసి తన గడినీ, తోడికోడలి గడినీ కొలిచింది. తనది వేలెడు పెద్దదే వచ్చింది. అప్పుడు నవ్వింది.

ఇప్పుడా బొంత నిజామాబాద్‌లో నా దగ్గరుంది. మధ్య గడి సరిగ్గా నా గుండె మీదకొస్తుంది, అయినా ఊపిరి బాగానే ఆడుతుంది. ఇక్కడ నా జాకెట్లు కుట్టే అమ్మాయి దగ్గర మిగిలిన ముక్కలు నేను ఎప్పుడూ అడగను. కానీ వెళ్ళిన ప్రతిసారీ ఆమె వెనక గదిలోకి ఒకసారి తొంగిచూస్తాను. మొన్న అక్కడ మడతపెట్టిన బొంత ఒకటి కనబడింది, వెలిసిన చీర పైకి పెట్టి ఉంది. నాదేదమ్మా అని అడగాలని నోటిదాకా వచ్చింది. తీరా అడిగాక లేదంటుందేమోనని భయమేసి, జాకెట్టు తీసుకుని వచ్చేశాను.