మునిరామయ్య దించిన పాకం

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన ఏట, పాకాల ఊరి చుట్టుపక్కల చెరుకు గానుగ ఆడించే ఏ రైతైనా ముందు మునిరామయ్యకే కబురు పెట్టేవాడు. బెల్లం వండడంలో ఆయన చేతికి అంత పేరు. తక్కినవాళ్ళు పాకం బొట్టును నీళ్ళ చెంబులో వేసి, ఉండ కడుతుందా లేదా అని వేళ్ళతో నొక్కి చూస్తారు. మునిరామయ్య అట్లా చూస్తాడా? పెనంలో నురగ రంగు చూసి దించమంటాడు. చెంబు ముట్టుకోవడమంటే ఆయనకు తల కొట్టేసినట్టుండేది.

కానీ కండ్లు ఎవరి మాట వింటాయి? రెండేళ్ళుగా పొర కమ్ముతోంది. ఆ సంగతి ఆయన పెండ్లానికి కూడా చెప్పలేదు.

ఆ మాఘంలో ఆయన గురవమ్మ చెరుకు వండాడు. మొగుడు పోయాక ఆమె ఒంటిచేత్తో పెంచిన అరెకరా తోట అది. పాకం ముదరకముందే దించమన్నాడు. సాయంత్రమైనా బెల్లం గట్టిపడలేదు, జిగురుజిగురుగా చేతికంటుకుంది. చుట్టూ జనం. నేల చవుడు, ఈ చెరుకుకు బెల్లం కట్టదు అనేశాడు మునిరామయ్య. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఊరికే పుట్టిందా! అంత పనిమంతుడు చెప్పాక గురవమ్మ ఆ మాటే నమ్మింది.

నెల తిరక్కుండానే ఆమె చెరుకు దుబ్బులు తవ్వి పారేస్తోందని తెలిసింది. ఉంచితే మళ్ళీ చిగురించి రెండో పంట ఇచ్చేవే! ఛీ, ఇదేం బతుకని మునిరామయ్య తనను తానే తిట్టుకున్నాడు. మూడోరోజు కర్ర పట్టుకుని చేనికి పోయాడు. ఆమె చేతులకు పాతగుడ్డలు చుట్టుకుని తవ్వుతోంది. సగం చేను అప్పటికే ఖాళీ.

"నేల మంచిదేనమ్మా," అన్నాడు తలెత్తకుండా. "నాకే కండ్లు ఆనవు. లేతపాకం దించేసినా. సిగ్గుకు నేల మీదికి తోసేసినా."

గురవమ్మ గుద్దలి కింద పెట్టింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆమె ఆయన దగ్గరికొచ్చి నిలబడింది.

"పోయినేడు ఓబయ్య చేను గూడా చవుడంటివే మామా. నీ మాట నమ్మి సగం ధరకే అమ్ముకుని, రేణిగుంటలో మూటలు మోస్తా ఉండాడు. అదీ ఇట్నేనా?"

మునిరామయ్య చేతిలో కర్ర కింద పడేశాడు. తవ్విపోసిన దుబ్బుల పక్కనే కూలబడ్డాడు.