శనివారం నాన్న బాగా నడిచేవాడు

నాన్న రైల్వే వ్యాగన్ల వర్క్‌షాపులో పెయింటరు. బాగుచేసిన వ్యాగన్ల మీద తెల్లరంగుతో నంబర్లు రాసేవాడు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి రాయపూర్‌లో ఆ వర్క్‌షాపు వాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీ పక్కనే అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. ఆయన రిటైరవడానికి రెండేళ్ల ముందు కుడిచెయ్యి వణకడం మొదలైంది. ఊరికే కూర్చున్నప్పుడే ఆ వణుకు. కుంచె పట్టుకుంటే ఆగిపోయేది. అందుకే చాలాకాలం ఎవరి మాటా వినలేదు.

"నాకేటీ అవ్వలేదు. పనిలేక చెయ్యి ఆడతంది. డ్యూటీ ఎక్కితే సీదా అయిపోద్ది" అనేవాడు.

చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పావుగంట పట్టడం మొదలయ్యాక అమ్మా నేనూ బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన నాన్నని నడిపించి, మోచెయ్యి వంచి చూసి పార్కిన్సన్స్ అన్నాడు. పూర్తిగా పోదు గానీ మాత్రలతో అదుపులో ఉంటుంది, రోజూ నడవాలి అన్నాడు. ఆపరేషన్ చెయ్యాలా అని అమ్మ భయంగా అడిగింది. పెద్ద నగరాల్లో చేస్తున్నారు, ఈయనకి ఇప్పుడు అవసరం లేదు అన్నాడు.

మాత్రలు బాగానే పనిచేశాయి. రెండేళ్లు గడిచాక మాత్రం మధ్యాహ్నం మాత్ర మొరాయించింది. భోజనమైతే చాలు, కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోయేవాడు. శనివారం తప్ప. ఆరోజు ఉపవాసం. మధ్యాహ్నం రెండు అరటిపళ్లు తిని, కాలనీ గేటు దాకా నడిచి వచ్చేవాడు.

"ఎంకన్న బాబే నడిపిస్తన్నాడు" అని అమ్మ లెంపలు వేసుకునేది.

ఈసారి వెళ్లినప్పుడు ఆ సంగతి డాక్టరుకీ చెప్పింది. ఆయన పెన్ను కింద పెట్టాడు.

"మాతాజీ, బాకీ దిన్ క్యా ఖిలాతీ హో?"

మిగతా రోజుల్లో ఏం పెడతారని ఆయన అడిగితే, అమ్మ గర్వంగా "దాల్, చావల్, దహీ. దవాయీ భీ ఖానే కే సాథ్" అంది. పప్పన్నం, పెరుగు, మాత్ర కూడా భోజనంతోనే అని.

డాక్టరు నవ్వాపుకోలేకపోయాడు. పప్పు, పెరుగుల్లోని మాంసకృత్తులు మాత్రని ఒంటికి సరిగా పట్టనివ్వవట. మాత్ర భోజనానికి అరగంట ముందే వెయ్యాలి. పప్పు, పెరుగు, చేపలు రాత్రికి మార్చాలి అన్నాడు.

రిక్షాలో అమ్మ ముఖం ముడుచుకుని కూర్చుంది. "ముప్పయ్యేళ్లు నా పప్పు తిని బతికినోరికి ఇప్పుడు అదే చెడ్డదయ్యిందేటి?"

"చెడ్డదని ఎవులన్నారే? పప్పుకి నైట్ డ్యూటీ ఏసీసారు, అంతే" అన్నాడు నాన్న.

అమ్మకి నవ్వాగలేదు. రిక్షా అతను వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాటి నుంచి మధ్యాహ్నం చారు, బీరకాయ కూర. సాయంత్రం దీపాలు పెట్టేవేళకి పప్పు, చేపల పులుసు, గడ్డపెరుగు. పక్కింటి ఛత్తీస్‌గఢీ దంపతులు ఆ వాసనకే గిన్నె పట్టుకుని వచ్చేవారు. వారం తిరిగేసరికి నాన్న మధ్యాహ్నాలు కూడా తేలిగ్గా నడిచాడు. వణుకు పూర్తిగా పోలేదు, తర్వాత మోతాదు కూడా పెంచాల్సి వచ్చింది. కానీ గుండీలు తనే పెట్టుకునేవాడు.

ఆ చలికాలం ముగ్గురం బస్సెక్కి రాయపూర్ దగ్గర్లోని ఆరంగ్‌లో పాత గుడులు చూడ్డానికి వెళ్లాం. మూడో గుడికి వచ్చేసరికి అమ్మ మెట్ల మీద కూలబడింది.

"ఆగండీ, నా కాళ్లు పీకేస్తన్నాయి."

"నువ్వు కూకో. మేం సూసొస్తాం" అని నాన్న నా భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిచాడు.