గండికోటలో పడవ కోసం

ఇప్పుడంటే మనిషి తుమ్మినా ఫోటో తీస్తున్నారు గానీ, మా కుర్రతనంలో బందరులో ఫోటో తీయించుకోవడమంటే పేరంటానికి ఎక్కువ, పెళ్ళికి కాస్త తక్కువ. ఇంటిల్లిపాదీ తలంట్లు పోసుకుని, పెట్టెలోంచి పట్టుబట్టలు తీసి కట్టుకుని, రిక్షాలు మాట్లాడుకుని స్టూడియోకి దిగేవాళ్ళు. దిగాక మొదట చూసేది కెమెరాని కాదు, వెనకున్న తెరని. తెర మీద ఏ బొమ్మ ఉంటే వాళ్ళింటి గోడ మీద ముని మనవల దాకా అదే ఉంటుంది మరి. మా స్టూడియోలో ఉన్నవి రెండే తెరలు: మెట్లూ స్తంభాలూ ఉన్న రాజమహలు ఒకటి, చందమామా హంసా ఉన్న కొలను ఒకటి. ఆ రోజుల్లో తీసిన ఫోటోలు చూస్తే బందరు జనంలో సగంమంది మహల్లోనూ, మిగతా సగం కొలను ఒడ్డునా కాపురాలుండేవారని మీరు అనుకోవాల్సిందే.

ఆ స్టూడియోలో నాది చీకటి గది ఉద్యోగం. అవనిగడ్డ పక్క పల్లెటూరి నుంచి కృష్ణ దాటి వచ్చి, ఇరవై ఏళ్ళ వయసులో మందు తొట్టెల్లో ఫిల్ములు కడుగుతూ, దండెం మీద ఆరేస్తూ రెండేళ్ళుగా బతుకుతున్నాను. కెమెరాని తుడిచేవాణ్ణి, మోసేవాణ్ణి, నొక్కేవాణ్ణి మాత్రం కాదు. నొక్కేది మా ఓనరు గారు. ఆయన్ని ఊరంతా ఫోకస్ గారు అనేది. భోజనానికి కూర్చున్నా కంచాన్ని నాలుగంగుళాలు వెనక్కి జరిపి, కళ్ళు చికిలించి చూసుకుని, అప్పుడు గానీ ముద్ద కలిపేవారు కాదు. (ఇది నా కళ్ళతో చూసిందే. రెండంగుళాలు అయితే అయ్యుండొచ్చు.)

ఒక నవంబరులో మిషన్ బడి హెడ్ టీచరమ్మ గారు ఒక క్యాలెండరు పట్టుకుని స్టూడియోకి వచ్చారు. అమెరికా నుంచి వచ్చి ఇక్కడ పనిచేసి వెళ్ళిపోయిన దొరసాని గారు ఆవిడకి ఇచ్చి వెళ్ళిన క్యాలెండరట. అందులో బొమ్మ చూసి నా నోరు తెరుచుకుపోయింది. ఎటు చూసినా ఎర్రటి రాతి గోడలు, మధ్యలో భూమి నిలువునా చీలిపోయి ఉంది, అడుగున ఎక్కడో దారప్పోగంత ఏరు.

"మోషే గారు నడిచిన ఎడారి ఇలాగే ఉండేదేమోనండీ. క్రిస్మస్‌కి మా కుటుంబం ఫోటో ఇలాంటి తెర ముందు తీయించుకోవాలని ఉంది. మీవల్ల అవుతుందాండీ?" అన్నారు టీచరమ్మ గారు.

ఫోకస్ గారికి కాదనడం రాదు. పెడన నుంచి మావయ్యని పిలిపించారు. మావయ్య అంటే నాకు చుట్టం కాదు. అద్దకం పని చేసే ఇంట్లో పుట్టి, మాకు తెరలు రాసిపెట్టే ఆయన. ఊళ్ళో కుర్రాళ్ళందరికీ మావయ్యే. నలభై అయిదేళ్ళుంటాయి, మనిషి ఉప్పు బస్తాలా గుండ్రంగా ఉండేవాడు. ఆయన క్యాలెండరు ముందు పెట్టుకుని వారం రోజులు రాసి చూపించాడు. ఫోకస్ గారు నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూశారు.

"ఇదేంటయ్యా, గుడివాడ రోడ్డులో ఇటికల బట్టీలా ఉంది?"

"నేను చూసిన ఎర్రటి ఎత్తు అదేనండి మరి. కంటితో చూడనిది నా చెయ్యి గీయదండి" అన్నాడు మావయ్య, ఏమాత్రం సిగ్గుపడకుండా.

ఇలాంటి చోటు మన దేశంలో ఎక్కడుందో అని ఫోకస్ గారు నిట్టూర్చారు. నేను అప్పుడే ఫిల్ములు ఆరేస్తున్నాను. నా నోరు ఊరుకోదు కదా. "కడప జిల్లాలో గండికోట దగ్గర అచ్చం ఇలాగే ఉంటుందండి, పెన్న కొండని కోసేసింది. నేను వెళ్ళొచ్చానండి" అనేశాను. నేను కృష్ణా జిల్లా పొలిమేర దాటిందే లేదు. కడప బండలు అమ్ముకోవడానికి వచ్చిన వ్యాపారి ఒకాయన మా స్టూడియో అరుగు మీద కూర్చుని చెప్పిన ముక్క అది. ఫోకస్ గారు నన్ను చికిలించి చూశారు.

"అయితే నువ్వూ మావయ్యా వెళ్ళండి. ఆయన చూసొస్తాడు, నువ్వు ఫోటో తీసుకురా. ఈ డబ్బా కెమెరాలో ఎనిమిది ఫోటోలు వస్తాయి. పనికొచ్చేది ఒక్కటి తెచ్చావా, క్రిస్మస్ నుంచి స్టూడియో కెమెరా నీ చేతికిస్తాను. తేలేదా, నీకు జీవితాంతం ఆ చీకటి గదే. అబద్ధాలు కడుక్కుంటూ కూర్చో."

ఆ పూట నాకు అన్నం సహించలేదు, ఆనందంతోనో భయంతోనో ఇప్పటికీ తేల్చుకోలేదు.

డిసెంబరు మొదట్లో బయల్దేరాం. కొండల మీద చలికి మనుషులు కొయ్యబారిపోతారని ఎవరో చెప్పారని మావయ్య రెండు దుప్పట్లు, ఒక మఫ్లరు, చెవులు మూసే ఉన్ని టోపీ, గొడుగు తెచ్చుకున్నాడు. నీళ్ళ చెంబు మాత్రం తేలేదు. నేనూ తేలేదు. ఎందుకు తెస్తాం? మా వైపు మనిషికి దాహమేస్తే ఎటు తిరిగినా పది అంగల్లో కాలవ ఉంటుంది. నీళ్ళు మోసుకుని ప్రయాణం చేయడమంటే ఇసక మూట నెత్తిన పెట్టుకుని సముద్రానికి వెళ్ళడంలాంటిదని మా ఉద్దేశం. బందరులో రైలెక్కి, గుడివాడ మీదుగా బెజవాడ చేరి, అక్కడి నుంచి ఇంకో రైల్లో నంద్యాల దాకా, ఆ పైన బస్సులో జమ్మలమడుగు దాకా వెళ్ళి, మర్నాడు తెల్లవారుతూనే నడక మొదలుపెట్టాం.

ఆ నడక నేను మరిచిపోలేను. మా పాదాలకి తెలిసిందల్లా బురదే. చేలగట్టు మీద జారకుండా బొటనవేలు నేలలోకి గుచ్చి నడవడం పుట్టినప్పటి నుంచీ అలవాటు. రాతి మీద బొటనవేలు గుచ్చితే ఏమవుతుందో రెండో మైలుకి ఇద్దరికీ బోధపడింది. అయినా ఉత్సాహం ఆగితేనా. ప్రతి బండ దగ్గరా మావయ్య ఆగి, అరచేత్తో తడిమి, "అల్లుడూ, ఇది నిజం రాయిరా" అనేవాడు, అమ్మేవాడెవడో మమ్మల్ని మోసం చేస్తాడేమోనన్నట్టు. ముందు మఫ్లరు తీశాడు, తర్వాత టోపీ తీశాడు, పొద్దెక్కేసరికి దుప్పట్లు రెండూ నా నెత్తికెత్తాడు.

మధ్యాహ్నానికి లోయ అంచుకి చేరాం. చేరాం అనడం కూడా తప్పు. నడుస్తూ నడుస్తూ ఉంటే నేల అయిపోయింది. మా ఊళ్ళో నేల అయిపోవడమంటే సముద్రం వచ్చినట్టు. ఇక్కడ ఏమీ రాలేదు. కాళ్ళ ముందు గాలి, అవతల మళ్ళీ ఎర్రటి గోడ, అడుగున ఆకుపచ్చగా పెన్న. కింద ఎగురుతున్న గద్ద వీపు మాకు పైనుంచి కనిపించింది. గద్ద వీపు చూడటం మా ఇద్దరి జన్మలో అదే మొదటిసారి. మావయ్య కూలబడిపోయాడు. తర్వాత జేబులోంచి పెన్సిలు తీసి, కాగితం తేవడం మరిచిపోయాడని గ్రహించి, పంచె అంచు మీద గీయడం మొదలుపెట్టాడు.

నేను ఫోటోల మీద పడ్డాను. డబ్బా కెమెరాని పొట్టకి ఆనించి, పైనున్న అద్దంలోకి వంగి చూస్తూ, ఊపిరి బిగబట్టి ఒక్కొక్కటే నొక్కాను. నిలబడి, కూర్చుని, బోర్లా పడుకుని ఏడు ఫోటోలు తీశాను. అడ్డమొస్తున్నాడని మావయ్యని ప్రతిసారీ పక్కకి నెట్టాను. ఎనిమిదోది సూర్యాస్తమయానికి దాచాను.

అప్పుడు వేసింది దాహం. చుట్టూ రాళ్ళు, ముళ్ళకంపలు. నీళ్ళు కనిపిస్తూనే ఉన్నాయి, కానీ మూడు తాటిచెట్ల లోతున. (నాలుగని మావయ్య అనేవాడు.) అవతలి ఒడ్డున ఏదో పాక నీడ కనిపించింది. పాక ఉంటే కుండ ఉంటుంది, కుండ ఉంటే నీళ్ళుంటాయి. అవతలికి వెళ్ళడం ఎలా? కృష్ణ పాయల మధ్య దివిసీమలో పుట్టినవాణ్ణి, నాకు ఒకళ్ళు చెప్పాలా? నది ఒడ్డున నిలబడినవాడు చెయ్యాల్సిన పని ఒక్కటే. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, పులిగడ్డ రేవులో కేకేసినట్టు గొంతెత్తి పిలిచాను.

"పడవోయ్... ఓ పడవా..."

అవతలి నుంచి వెంటనే వినిపించింది: "ఓ పడవా..."

మావయ్య గబుక్కున లేచాడు. "అల్లుడూ, అవతల కూడా ఎవరో పడవ కోసమే చూస్తున్నార్రా. వాళ్ళ వైపు లేదంటే పడవ మన ఒడ్డునే ఎక్కడో ఉంది. వెతుకు."

ఆ తర్కానికి నేను ముగ్ధుణ్ణయిపోయాను. గంటసేపు అంచు వెంట పాకుతూ పడవని వెతికాం. దిగే దారే కనిపించలేదు. ఈలోగా అవతలివాడు తొందరపడి పడవని పిలిపించుకుంటాడేమోనని మావయ్యకి బెంగ పట్టుకుంది. అంచున నిలబడి, గొడుగు ఎత్తి, మర్యాదగానే మొదలుపెట్టాడు.

"అయ్యా, ముందొచ్చింది మేమండీ."

"మేమండీ" అన్నాడు అవతలివాడు.

"చూశావా, మనవాడే. అండీ అంటున్నాడు" అని నాతో అని, మళ్ళీ అటు తిరిగాడు. "అబద్ధమాడకండి. మేం మధ్యాహ్నం నుంచీ ఉన్నామయ్యా."

"ఉన్నామయ్యా."

"పెద్దవాణ్ణి, మాటకి మాట అంటావేంటి? నోరు మూసుకోవయ్యా."

"మూసుకోవయ్యా."

మావయ్య మొహం జేగురు రంగుకి తిరిగింది. మా వైపు కేకేస్తే ఆ కేక వరిచేల మీదుగా వెళ్ళి వెళ్ళి సముద్రంలో పడాల్సిందే, తిరిగొచ్చేది కాదు. పాపం ఆయనకేం తెలుసు? నేను బళ్ళో చదివాను కాబట్టి మూడో మాటకే నాకు వెలిగింది. మావయ్యకి చెప్పానా అంటే, చెప్పలేదు. చెప్పకపోగా, "ఊరుకోకు మావయ్యా, పెడన పరువు" అని ఎగదోసి, నా నవ్వు కనపడకుండా దూరంగా వెనక్కి జరిగాను.

ఆయన పంచె ఎగ్గట్టి, గొడుగుని కర్రసాములా తిప్పుతూ, పెన్న అవతల ఉన్న శత్రువుని వంశంతో సహా తిట్టడం మొదలుపెట్టాడు. వెనక నుంచి వాలుపొద్దు. ముందు ఆ మహాలోయ. దాని అంచున చీమంత మావయ్య. నాకు నవ్వు ఆగలేదు, చెయ్యీ ఆగలేదు. నొక్కేశాను. నొక్కాక గుర్తొచ్చింది, అది ఎనిమిదోదని.

ఇంతలో వెనక గంటల చప్పుడైంది. గొర్రెల కాపరి ఒకాయన, ముసలివాడు, కంబళి భుజాన వేసుకుని మమ్మల్నే చూస్తున్నాడు.

"ఎవురితో కొట్లాడతాండావు సామీ?"

"అవతలున్నాడు చూడండి, మర్యాద లేని మనిషి."

"ఆపక్క ఎవురూ ల్యారు సామీ. కొండ పలకతాండాది."

"కొండకి మా కృష్ణా జిల్లా మాట ఎలా వస్తుందండీ?" అని మావయ్య నిలదీశాడు.

ముసలాయన నవ్వి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "యాడుండావురా అబ్బీ" అని కేకేశాడు. "ఉండావురా అబ్బీ" అని వచ్చింది. మావయ్య నా చెవి దగ్గరకి వంగి, "ఇద్దరున్నార్రా అల్లుడూ, ఇంక మనవల్ల కాదు" అన్నాడు.

ఆ ముసలాయన సొరబుర్రలోంచి పోసిన నీళ్ళ రుచి నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. జమ్మలమడుగు బాట పట్టించే దాకా కూడా వచ్చాడు. దారి పొడుగునా మావయ్య ఆయనకి పడవల గురించి చెప్పాడు. ఆయన జీవితంలో పడవ చూడలేదట. వింటూ మధ్యమధ్య నా వైపు చూసి, "నిజమేనా?" అని అడిగేవాడు. ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పాల్సి రావడం ఎంత విడ్డూరమో మీకు అర్థమయ్యే ఉంటుంది.

బందరు చేరి, నా చేతులతో నేనే ఫిల్ము కడిగాను. మావయ్య పెడనలో దిగిపోయాడు, సాక్ష్యానికి కూడా మనిషి లేడు. ఏడు ఫోటోలు వరసగా బల్ల మీద పెట్టాను. ఫోకస్ గారు చూశారు. వెనక్కి జరిగి మళ్ళీ చూశారు.

"ఏంట్రా ఇవి? ఎండాకాలంలో మీ దివిసీమ రేగడి చేలో పడ్డ నెర్రెలు కదూ?"

చూస్తే నిజంగా అలాగే ఉన్నాయి. అంతటి లోయ, పక్కన ఆనవాలుకి మనిషన్నవాడు లేకపోయేసరికి, కాలు పెడితే బొటనవేలు ఇరుక్కునే బీటలా కనిపిస్తోంది. నేను మావయ్యని అన్నిసార్లు పక్కకి నెట్టిన పాపం అది.

"నంద్యాల దాకా అయినా వెళ్ళావా, గుడివాడలో దిగి మీ చుట్టాలింట్లో కూర్చున్నావా?"

"ఒట్టండి, వెళ్ళానండి."

"నీ ఒట్టు సంగతి నాకు తెలీదా?"

ఎనిమిదోది నా జేబులో ఉంది. చూపిస్తే, ఆటలాడుకున్నావా అని ఉద్యోగం ఊడబీకుతారని దాచాను. ఇంక ఊడటానికేమీ మిగల్లేదు కాబట్టి తీసి ఇచ్చాను. ఫోకస్ గారు దాన్ని పట్టుకుని కిటికీ దగ్గరకి వెళ్ళారు. గొడుగుతో యుద్ధం చేస్తున్న చీమంత మనిషి, వాడి కాళ్ళ దగ్గర అయిపోయిన నేల, అవతల ఆకాశమంత గోడ. ఆయన భుజాలు కదలడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నారనుకున్నాను. ఇటు తిరిగితే కళ్ళనిండా నీళ్ళు, నోటి నిండా నవ్వు.

"ఇంత లోతు ఎక్కడ దొరికిందిరా నీకు? మనిషి ఇలా ఒళ్ళు మరిచి ఉన్నప్పుడు నొక్కడం ముప్పై ఏళ్ళలో నావల్ల కాలేదు" అన్నారు. వెంటనే గొంతు మార్చి, "కింద నీ నీడ పడింది, చూసుకోలేదా వెధవా?" అన్నారు.

మావయ్య తెర రాశాడు, ఈసారి ఇటికల బట్టీ వాసన లేకుండా. క్రిస్మస్ ముందు రోజు టీచరమ్మ గారు పిల్లాపాపలతో వచ్చి ఆ లోయ ముందు నిలబడ్డారు. ఫోకస్ గారు కుర్చీలో కూర్చుని, "నువ్వు రా" అని నన్ను పిలిచారు. నల్లగుడ్డలో తల దూర్చాను. అందరూ కొయ్యబొమ్మల్లా బిగుసుకున్నారు. నేను గుడ్డలోంచే మావయ్య యుద్ధం కథ మొదలుపెట్టాను.

ఆ ఎనిమిదో ఫోటో ఇప్పుడు మా ఇంటి హాల్లో ఉంది. వచ్చినవాళ్ళంతా మావయ్యని చూసి నవ్వుతారు. నేను మాత్రం దాని కింది అంచు చూస్తూ ఉంటాను. ఎర్రరాతి మీద పొడుగ్గా, రివటలా ఒక నీడ పడి ఉంటుంది. మోచేతులు రెండూ బయటికి పెట్టి, పొట్ట దగ్గర డబ్బా పట్టుకుని, తల వంచుకుని. అందరికీ తీస్తూ తిరిగినవాణ్ణి, ఆ వయసులో నన్ను తీసినవాడెవడూ లేడు. నా కుర్రతనానికి మిగిలిన ఫోటో అదొక్కటే. ఆ సన్నటి నీడ నాదేనంటే మా ఆవిడ నా నడుం వైపు ఒకసారి, ఫోటో వైపు ఒకసారి చూసి, "కబుర్లు చాలించి అన్నానికి రండి" అంటుంది.