కాలువ నీళ్ల కోసం ఆగిన రొట్టె

ఆ శనివారం సాయంత్రం పటమటలో మా ముందుగదిలో ఉన్నవాళ్లు, ఉన్నవి: సంఘ పెద్దలు ముగ్గురు, పాస్టరుగారు, మా నాన్న, నేను, పడకకుర్చీలో మా నాయనమ్మ, ఆమె పక్కన ఆవిరి పట్టే మిషను, పెద్దలు తెచ్చిన బత్తాయిల సంచి, అమ్మ ఇచ్చిన టీ కప్పులు. లేనిది బందరు కాలువలో నీళ్లు. ఎండాకాలం కాబట్టి కాలువ కట్టేశారు. వాళ్లు మాట్లాడటానికి వచ్చింది దాని గురించే.

మా సంఘానికి వీధి చివర ఒక రేకుల హాలు ఉంది. అందులో సభ్యులు కావాలంటే బందరు కాలువలో నిండా మునిగి బాప్తిస్మం తీసుకోవాలి. మునగనివాళ్లు పాటలు పాడవచ్చు, కానుక వేయవచ్చు, చాపలు పరవవచ్చు. నెలలో మొదటి ఆదివారం, యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె పంచుకునే ప్రభువు బల్ల జరిగినప్పుడు మాత్రం ఆ రొట్టె ముట్టకూడదు. నాయనమ్మ దివిసీమలో పుట్టింది. పసిగుడ్డుగా ఉన్నప్పుడే అక్కడి మిషన్ చర్చిలో అయ్యగారు ఆమె తల మీద నీళ్లు చిలకరించారు. పెరిగి పెద్దదైనాక అదే చర్చిలో జీవితమంతా రొట్టె తీసుకుంది. మా ఇంటికి వచ్చాక ఈ హాలు లెక్క ప్రకారం ఆమెకు అసలు బాప్తిస్మమే జరగలేదని తేలింది. అప్పటి నుంచి ప్రతి బల్ల ఆదివారం వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, పళ్లెం తన ముందు వరస దాకా వచ్చి తిరిగి వెళ్లిపోవడం చూస్తూ ఉండేది.

ఆ వేసవిలో గుండె బాగా బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. ఎక్కువ రోజులు ఉండదని ఆమెకూ అర్థమైంది. పోయేలోగా హాలులో అందరి మధ్య ఒక్కసారి రొట్టె తీసుకోవాలని నాన్నను అడిగింది. గవర్నర్‌పేట వైపున్న మిషన్ చర్చి అయ్యగారు ఇంటికే వచ్చి ఇస్తానన్నారు. ఇంట్లో ఒక్కదానికే పెడితే మందు మింగినట్టు ఉంటుందని ఆమె ఒప్పుకోలేదు.

పాస్టరుగారు అంతకుముందు నాలుగు ఆదివారాలు కృపా నిబంధన గురించే, అంటే దేవుడు మనిషితో ఉచితంగా చేసుకున్న ఒప్పందం గురించే బోధించారు. బాగా బోధించారు, కాదనను. మామూలు ఒప్పందంలో ఇద్దరూ మాట ఇస్తారు. పూర్వం జంతువులను రెండుగా ఖండించి, ఆ ఖండాల మధ్య ఇద్దరూ నడిచేవారట. మాట తప్పినవాడికి అదే గతి అని దాని అర్థం. కానీ బైబిల్లో విశ్వాసులకు తండ్రి అనిపించుకున్న ముసలాయనతో నిబంధన చేసినప్పుడు దేవుడు ఆయనను నిద్రపుచ్చి, ఆ ఖండాల మధ్య తానొక్కడే నడిచాడు. అంటే రెండు పక్షాల పూచీ తన మీదే వేసుకున్నాడు. మనిషి మాట తప్పితే ఆ శిక్ష కూడా తనదే. సిలువ మీద జరిగింది అదే. ఇందులో మనిషి చేసిన పని నిద్రపోవడం తప్ప ఏమీ లేదని పాస్టరుగారు అన్నప్పుడు హాలంతా ఆమెన్ అంది. నేను ఆటోనగర్‌లో ట్యాంకర్లకు బాడీ కట్టే షెడ్డులో డ్రాయింగులు గీస్తాను. కాంట్రాక్టు కాగితాలు చాలా చదివాను. రెండు వైపులా తానే పూచీ పడ్డ పార్టీని ఎక్కడా చూడలేదు. నేనూ ఆమెన్ అన్నాను.

అదే పాస్టరుగారు మా ఇంట్లో టీ తాగుతూ, అమ్మగారు మునగకుండా బల్లలోకి ఎలా వస్తారు, నియమం ఉంది కదా అన్నారు.

పెద్దల్లో పెద్దాయన నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. కాలువకు నీళ్లు ఎప్పుడు వదులుతారో ఆయనకు తెలుసు. అప్పటిదాకా ఆగుదామన్నారు. ఆ ముసలాయన నిద్రలో ఉండగా దేవుడు చేసి ముగించిన పని, పటమటకు వచ్చేసరికి బ్యారేజీ గేట్ల మీద ఆధారపడింది. ఆగే వ్యవధి లేదని నాన్న చెప్పాడు. అప్పుడు అందరి చూపూ నా మీద పడింది. ట్యాంకులు కట్టేవాడిని కదా, మనిషి పట్టే తొట్టి ఒకటి చేసి హాలులో పెట్టమన్నారు. ఆమెను నీళ్లలో ముంచవద్దని డాక్టరు చెప్పాడన్నాను. ఒక్క క్షణమే కదా అని రెండో పెద్ద అన్నారు.

నేను వెటకారంగా ఒక ప్రశ్న అడిగాను. మెడ దాకా నీళ్లు పెట్టి, తల మీద చెంబుతో పోస్తే ఎంత శాతం మునిగినట్టు లెక్క అని. వాళ్లకు వెటకారం తెలియలేదు. ముగ్గురూ దాన్ని నిజంగానే చర్చకు పెట్టారు. ఒకాయన చెంబు సరిపోతుందేమో అన్నారు. ఇంకొకాయన చెంబు అంటే మళ్లీ చిలకరింపే కదా అన్నారు. కృప గురించి నాలుగు వారాలు విన్న మనుషులు నీటిమట్టం దగ్గర కొట్టుకుంటున్నారు. మా షెడ్డులో వెల్డింగ్ నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే బుర్ర ఉంటుంది.

నాయనమ్మ అంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. చివరికి పాస్టరుగారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, దేవుడు నన్ను తన బిడ్డ అన్నప్పుడు నాకింకా మెడే నిలబళ్ళేదంట. మరి నిద్రలో ఉన్న ఆ ముసలాయన్నేమో ఒప్పుకుంటిరి, నన్నెందుకు ఒప్పుకోరు?"

ఇది ప్రార్థించి ఆలోచించాల్సిన విషయం అన్నారు పాస్టరుగారు. బత్తాయిలు వదిలేసి వెళ్లిపోయారు. తొట్టి నేను చేయలేదు.

మర్నాడే బల్ల ఆదివారం. మా హాలులో మగవాళ్లు ఒక వైపు, ఆడవాళ్లు ఒక వైపు చాపల మీద కూర్చుంటారు. మగవాళ్ల వైపు పళ్లెం ఒక పెద్ద తిప్పుతాడు. ఆడవాళ్ల వైపు తిప్పేది పెద్దాయన భార్య. పులియని పిండి కలిపి ఆ రొట్టె కాల్చేది కూడా ఆవిడే. ఆవిడ చివరి వరస దాకా వచ్చి, అలవాటుగా వెనక్కి తిరగలేదు. ఇంకో రెండు అడుగులు వేసి, ముక్క తుంచి నాయనమ్మ అరచేతిలో పెట్టింది.

ముందు నుంచి పెద్దాయన చూశారు. ఆగమన్నారు. పాట ఆగిపోయింది.

"పెట్టేశానండీ" అందావిడ. "చేతిలో పడ్డది మళ్లీ ఎట్టా లాక్కోమంటారు? మీరే చెప్పండి."

దానికి ఆయన దగ్గర నియమం లేదు. పాస్టరుగారు పుస్తకంలోకి చూస్తూ ఉండిపోయారు. నాయనమ్మ తొందరపడలేదు. పళ్లు లేవు కాబట్టి నోట్లో నానబెట్టుకుని నెమ్మదిగా మింగింది. హాలంతా ఆమె మింగేదాకా ఆగింది.

ఆ వారమే పెద్దలు సమావేశమయ్యారు. నాయనమ్మను ఏమీ అనలేకపోయారు. మింగిన రొట్టెను రద్దు చేసే తీర్మానం వాళ్లకు చేతకాలేదు. అందుకని పెద్దాయన భార్యను మూడు నెలలు బల్లకు దూరం పెట్టారు. తీర్మానం చదివింది పెద్దాయనే. సొంత భార్య విషయంలో కూడా పక్షపాతం చూపలేదని మిగతా ఇద్దరూ ఆయన్ను మెచ్చుకున్నారు. రొట్టె ఎవరు కాలుస్తారన్నది మాత్రం ఎవరికీ తట్టలేదు.

మరుసటి నెల బల్లకు బేకరీ నుంచి బ్రెడ్డు ప్యాకెట్టు తెచ్చారు. నాయనమ్మ తన కుర్చీలోనే ఉంది, ఆయాసపడుతూ. పెద్దాయన భార్య ఆమె పక్కన నేల మీద కూర్చుంది. కాసేపటికి ముందు వరసలోని ఇద్దరు ఆడవాళ్లు లేచి వెనక్కి వచ్చారు. తర్వాత వాళ్ల వెనక వరస లేచింది. పళ్లెం వచ్చేసరికి ఆడవాళ్ల వైపు చాపలు ఖాళీగా ఉన్నాయి. అందరూ మా నాయనమ్మ కుర్చీ చుట్టూ గోడకు ఆనుకుని కూర్చున్నారు, కొంగు తల మీదికి లాక్కుని.

పాస్టరుగారు ఆ రోజు కూడా కృప గురించే ప్రార్థన చేశారు. బల్ల అయ్యాక పాలుపొందినవారి సంఖ్య చదవడం మా హాలులో ఆనవాయితీ. రెండో పెద్ద లేచి చదివారు. పురుషులు పద్నాలుగు. స్త్రీలు సున్న.