విమానాల ముసుగులు

లాల్‌దర్వాజాలో గుడి వెనక సందులో మా షెడ్డు. లారీలకు టార్పాలిన్లు, పెళ్ళిళ్ళకు షామియానాలు కుట్టేవాళ్ళం. కొన్నేళ్ళ కిందట మా సేఠ్‌కు ఒక వింత పని దొరికింది: విమానాలకు ముసుగులు.

ఒక విదేశీ కంపెనీ గల్ఫ్‌లో ఒక దేశపు వైమానిక దళానికి విమానాలు అమ్మింది. కొన్నేళ్ళపాటు వాటి బాగోగులు చూసుకుంటానని ఒప్పందం కూడా రాసిచ్చింది. ఎండా ఇసుకా పడకుండా పైలట్ కూర్చునే చోట అద్దాల మీద కప్పే ముసుగులు అందులో ఒక చిన్న ముక్క. అది చేతులు మారి మారి మా సందులోకి వచ్చింది. కంపెనీ పంపిన నక్షా చూసి బట్ట కత్తిరించిందీ, కుట్టిందీ నేనే. విమానం ఎక్కనైనా ఎక్కనిదాన్ని, దానికి బట్టలు కుడుతున్నానని ఎంత మురిసిపోయానో!

ఆరు నెలలకు మేం పంపిన ముసుగుల పెట్టెలన్నీ తిరిగొచ్చాయి. కుట్టు బాగాలేదనీ, దీనివల్ల వైమానిక దళం ఒప్పందమే రద్దు చేస్తానంటోందనీ కంపెనీ ఇంగ్లీషులో ఉత్తరం పెట్టింది.

"ఏందమ్మా గిది? నీ కుట్టు మీద రెండు దేశాల లొల్లి అయితుంది," అన్నాడు సేఠ్.

నాకు ఏడుపొచ్చింది. "నా కుట్టు యాడ ఊడిందో సూపియ్యుండ్రి సేఠ్," అన్నాను. ఒక ముసుగు తీసి ఇద్దరం చెరోవైపు పట్టుకుని లాగాం. ఒక్క దారం కూడా తెగలేదు. లోపలివైపు మాత్రం తెల్లగా బూజు పట్టి ఉంది.

అప్పుడే జామపళ్ళ బండికి టార్పాలిన్ కావాలని బార్కస్ నుంచి ఒక చాచా వచ్చాడు. ఇంగ్లీషు ఉత్తరం వెనక ఒక అరబ్బీ కాగితం కూడా ఉంది. మాకెవరికీ రాదు గనక దాన్ని పట్టించుకోలేదు. చాచా కళ్ళజోడు పెట్టుకుని అది చదివి నవ్వడం మొదలుపెట్టాడు.

"నేను గల్ఫ్‌ల ఇరవై ఏండ్లు మిలటరీ గోదాంల పనిచేసిన బేటీ. విను. బట్ట అచ్ఛా ఉందంట, కుట్టు భీ మజ్బూత్ అంట. లేకిన్ లోపల గాలి ఆడుతలేదంట. సముద్రం పక్కన ఉక్క గదా, పొద్దుగాల తీస్తే అద్దాలకు నీళ్ళే నీళ్ళు. గాలికి జాగా పెట్టుండ్రని ఫౌజోళ్ళు కంపెనీకి మూడుసార్లు రాసిండ్రంట!"

సేఠ్ నక్షా తెచ్చి పరిచాడు. గాలికి ఎక్కడా దారి లేదు. "తప్పు నక్షల ఉన్నది, నీ సూదిల లేదు!" అని టేబుల్ మీద చరిచాడు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

నాలుగు చోట్ల సన్నటి జాలీ వేసి, ఇసుక దూరకుండా పైన చూరులా బట్ట వేలాడేట్టు ఒక ముసుగు కుట్టాను. దాంతోపాటు చాచా చెప్పిన మాటలన్నీ ఇంగ్లీషులో రాయించి సేఠ్ కంపెనీకి పంపాడు. పదిహేను రోజులు ఉలుకూ పలుకూ లేదు. తర్వాత కొత్త నక్షా వచ్చింది. నేను పెట్టిన చూరు, జాలీ ఉన్నవి ఉన్నట్టు అందులో ఉన్నాయి. అది తామే కనిపెట్టిన మార్పని కంపెనీవాళ్ళు గొప్పగా రాసుకున్నారు. సేఠ్, నేను పడీ పడీ నవ్వాం.

విమానాల విడిభాగాల మీద కంపెనీకీ వైమానిక దళానికీ పంచాయితీ ఇంకా నడుస్తూనే ఉందని విన్నాను. ముసుగుల గొడవ మాత్రం అక్కడితో తీరింది. మరుసటి ఏడు కంపెనీ నుంచి ఒక ఫొటో వచ్చింది: ఎండలో మా ముసుగు వేసుకుని నిలబడ్డ విమానం. మా అమ్మకు చూపించాను.

"ఇంత పెద్దదానికి కొలతలెట్ల తీసినవే?" అని అడిగింది.